బొటనవేలు, బాణం, వేగం

ఏకలవ్య జయంతికి మన సంఘం కట్టే ఫ్లెక్సీల్లో విల్లు లేని ఫ్లెక్సీ ఉండదు. ఎరుకలవాళ్ళం మనం ఏకలవ్యుణ్ణి మన మూలపురుషుడిగా చెప్పుకుంటాం. గురుదక్షిణ కథ మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి ఆ విల్లు గురించి మనకు ఎంత తెలుసు? అందులోంచి వెళ్ళే బాణం ఎంత వేగంతో పోతుంది? ఇవాళ పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లు బాణానికీ దానికీ తేడా ఎంత?

మా హాస్టల్ పిల్లలు ఈ ప్రశ్నలు అడిగినప్పుడు "చాలా వేగం" అని చెప్పి ఊరుకోవడం మాకు నచ్చలేదు. "చాలా" అనేది లెక్క కాదు. ఆ లెక్క వెతుకుతూ వెళితే అది మన చరిత్రలోకే దారి తీసింది. రామాపురం నుంచి మన యువతీ యువకుల కోసం రాస్తున్న ఈ వ్యాసంలో చరిత్ర ఉంది, లెక్క కూడా ఉంది. రెండింటినీ కలిపి చదవమని కోరుతున్నాం.

భారతంలో ఉన్న ఒక్క మాట

కథ మీకు తెలిసిందే. నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు ఏకలవ్యుడు. ద్రోణుడు విద్య నేర్పనంటే, అడవిలో ఆయన మట్టిబొమ్మ పెట్టుకొని తనంతట తానే నేర్చుకున్నాడు. మొరిగిన కుక్క నోరు మూసేలోగా ఏడు బాణాలు వేశాడు. తర్వాత దక్షిణగా కుడిచేతి బొటనవేలు కోసి ఇచ్చాడు.

చాలామంది కథను అక్కడే ఆపేస్తారు. సంస్కృత భారతం ఆదిపర్వంలో ఆ తర్వాత ఇంకొక్క మాట ఉంది. ఏకలవ్యుడు ఆ పైన మిగిలిన వేళ్ళతోనే విల్లు లాగాడనీ, కానీ మునుపటి శీఘ్రత రాలేదనీ వ్యాసుడు చెబుతాడు. అంటే ఏకలవ్యుడు విల్లు వదిలేయలేదు. మనం పిల్లలకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇది. రెండోది, ఆ శీఘ్రత దేనిది అన్నది.

బాణం విషయంలో వేగాలు రెండు. ఒకటి చేతి వేగం: ఎంత త్వరగా అమ్ముతీసి, సంధించి, లాగి వదులుతామన్నది. రెండోది బాణం వేగం: నారి వదిలిన తర్వాత అది సెకనుకు ఎన్ని మీటర్లు పోతుందన్నది. కుక్క నోట్లో ఏడు బాణాలు పడ్డాయంటే అది ముందుగా చేతి వేగం.

తుర్కులు, మంగోలులు, మొగలులు నారిని బొటనవేలితో లాగేవారు. వేలు కోసుకుపోకుండా ఉంగరం తొడిగేవారు. ఇంగ్లండు విలుకాళ్ళు చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలితో లాగేవారు. ఇవాళ ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లు వేసేవాళ్ళు లాగేది కూడా ఈ వేళ్ళతోనే. వాళ్ళ బొటనవేలు నారిని తాకదు. అదే విల్లును అంతే దూరం లాగితే, ఏ వేలితో లాగినా బాణం వేగం దాదాపు అంతే ఉంటుంది. ఎందుకంటే బాణానికి వేగం ఇచ్చేది వేలు కాదు, వంగిన విల్లులో దాచుకున్న శక్తి. కాబట్టి మేము ఆ వాక్యాన్ని ఇలా అర్థం చేసుకున్నాం: బొటనవేలితో పోయింది అలవాటైన పట్టు, దానితో వచ్చిన చేతి చురుకు. విల్లులోని శక్తి ఎక్కడికీ పోలేదు.

అంకె లేని లెక్క

వేగాన్ని సెకన్లలో కొలవడం రాకముందు కూడా విలుకాడికి దాని లెక్క తెలుసు. నల్లమలలో చెంచులు, గోదావరి కొండల్లో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా వెదురు విల్లు పట్టినవాళ్ళు. దగ్గరి గురికి ఎంత పైన పట్టాలో, దూరపు గురికి ఎంత పైన పట్టాలో వాళ్ళ చేతికి తెలుసు.

దీన్ని అంకెల్లో చూద్దాం. సెకనుకు 41 మీటర్లు పోయే బాణం 20 మీటర్ల దూరం చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో భూమి దాన్ని దాదాపు 1.2 మీటర్లు కిందకు లాగుతుంది. గురి 30 మీటర్లకు జరిగితే దూరం ఒకటిన్నర రెట్లే పెరిగింది, కానీ బాణం దిగేది 2.6 మీటర్లు, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. ఈ తేడాను కళ్ళతో పసిగట్టి చెయ్యి పైకెత్తినవాడు, అంకె రాయకపోయినా బాణం వేగాన్ని అంచనా కట్టినవాడే.

మన ఇళ్ళల్లో ఇంకో జ్ఞానం ఉంది. గంపలు, తట్టలు, చేటలు అల్లే మన అమ్మమ్మలకు ఏ వెదురు వంగుతుందో, ఏది పెళుసుగా విరుగుతుందో ముట్టుకుంటేనే తెలుస్తుంది. విల్లుకు కావలసింది కూడా అదే: వంగాలి, విరగకూడదు, వదిలితే వెంటనే వెనక్కి రావాలి. బుట్ట అల్లే చేతికీ విల్లు వంచే చేతికీ చుట్టరికం ఉంది.

బాణాన్ని కొలిచిన కాలం, మనల్ని కొలిచిన కాలం

కంటికి అందని వేగాన్ని కొలవడానికి మంచి ఉపాయం చెప్పినవాడు ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్. 1742లో వచ్చిన తన పుస్తకంలో తుపాకి గుండును వేలాడే బరువైన దిమ్మలోకి కాల్చి, ఆ దిమ్మ ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కకట్టాడు. వేగంగా పోయేదాన్ని నేరుగా కొలవలేకపోతే, అది తగిలి నెమ్మదిగా కదిలినదాన్ని కొలవడం ఆయన కిటుకు. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త విల్లుకు ఎంత శక్తి దాచుకునే గుణం ఉందో, అందులో బాణానికి ఎంత అందుతుందో కొలతలతో పరిశీలించాడు.

అక్కడ బాణాలను కొలుస్తున్న ఆ కాలంలోనే ఇక్కడ మనుషులను కొలిచారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక మనిషి ఏ తప్పూ చేయకపోయినా, ఫలానా కులంలో పుట్టినందుకే పేరు రిజిస్టరులో ఎక్కేది. వేలిముద్రలు తీసుకునే అధికారం ఆ చట్టంలో ఉంది. హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఎరుకలవాళ్ళు ఆ చట్టం కిందికి వచ్చారు.

దాని గుర్తు మనకు చాలా దగ్గర్లో ఉంది. వేటపాలెంలో బాపట్ల వైపు రైలెక్కితే చీరాల, ఈపూరుపాలెం దాటాక స్టూవర్టుపురం వస్తుంది. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేత ప్రభుత్వం పెట్టించిన సెటిల్‌మెంట్ అది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. కాగితం మీద పోయిన ముద్ర జనం నోట్లోంచి అంత త్వరగా పోలేదు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' అని సినిమాలు వచ్చాయి. అక్కడ చదువుకొని టీచర్లు, ఉద్యోగులు అయినవాళ్ళ కథతో సినిమా రాలేదు. కొత్త చోట అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు ఊరి పేరు దగ్గర పెన్ను ఆగిపోయే పిల్లలను మేము ఈ ఉద్యోగంలో చూస్తూనే ఉన్నాం.

ఏకలవ్యుడి బొటనవేలు దక్షిణగా పోయింది. మన ముత్తాతల వేళ్ళు సిరాలో ముంచి కాగితానికి అద్దారు. చదువు అందనివాళ్ళను "వేలిముద్రగాళ్ళు" అనడం మనం విన్నదే. మనం ఇప్పుడు లెక్క నేర్చుకోవడం ఎందుకంటే, ఇన్నాళ్ళూ కొలతకు లొంగిన చేయి ఇకపై తానే కొలవాలి.

పక్కకు జరిగిన గిలక

కాంపౌండ్ విల్లు చాలా కొత్తది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ మామూలు విల్లు కొనలకు గిలకలు బిగించి చూశాడు. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1969 చివర్లో వచ్చింది.

బావి గిలకకు రంధ్రం నడిమధ్యలో ఉంటుంది. అలెన్ గిలకకు రంధ్రం పక్కకు ఉంది. అందువల్ల తిరిగేకొద్దీ దాని పట్టు మారుతుంది. దీన్నే ఇప్పుడు క్యామ్ అంటున్నారు. వెదురు విల్లును లాగేకొద్దీ బరువు పెరుగుతూ పోతుంది. పూర్తిగా లాగి గురి చూసే సమయానికి చేతి మీద అత్యధిక బరువు ఉంటుంది, చెయ్యి వణుకుతుంది. కాంపౌండ్ విల్లులో బరువు మొదట్లోనే పెరిగి, కొంతదూరం అలాగే ఉండి, చివర్లో ఒక్కసారిగా తగ్గిపోతుంది. నడుమ 22 కిలోలు లాగిన చెయ్యి చివర్లో ఆరు కిలోలు పట్టుకుంటే చాలు. కుదురుగా గురి చూడవచ్చు.

లెక్క చేద్దాం

తొమ్మిదో తరగతిలో మీరు చదివిన స్థితిజశక్తి, గతిజశక్తి ఇక్కడ పనికొస్తాయి. కావలసినవి: వేలాడదీసే కాటా ఒకటి, స్కేలు, గ్రాఫ్ కాగితం. బాణం తూచడానికి గ్రాముల్లో చూపే చిన్న కాటా.

నారిని కాటా కొక్కేనికి తగిలించి, 10 సెంటీమీటర్లకు ఒకసారి ఆపి బరువు రాసుకోవాలి. ఒక వెదురు విల్లుకు ఇలా వచ్చాయనుకుందాం: 10 సెంటీమీటర్ల దగ్గర 3.5 కిలోలు, 20 దగ్గర 7, 30 దగ్గర 10.5, 40 దగ్గర 14, 50 దగ్గర 18. గ్రాఫ్ మీద గీస్తే దాదాపు తిన్నని వాలు గీత వస్తుంది. ఆ గీత కింద ఉన్న వైశాల్యమే విల్లులో దాగిన శక్తి. పక్కపక్క అంకెల సగటు తీసి కలిపితే 44. ఒక్కో అడుగు 0.1 మీటరు కాబట్టి 4.4. దాన్ని 9.8తో గుణిస్తే సుమారు 43 జౌళ్ళు.

ఆ శక్తి అంతా బాణానికి అందదు. కొంత విల్లు బద్దలు కదలడానికి, కొంత నారి అదరడానికి, చప్పుడుకు పోతుంది. వెదురు విల్లు నూటికి 60 పాళ్ళు బాణానికి ఇస్తుందనుకుంటే 26 జౌళ్ళు. బాణం 30 గ్రాములు, అంటే 0.03 కిలోలు. శక్తిని రెండింతలు చేసి, బాణం కిలోలతో భాగించి, వర్గమూలం తీయాలి. 52ను 0.03తో భాగిస్తే 1,733. దాని వర్గమూలం దాదాపు 41.6. సెకనుకు సుమారు 41 మీటర్లు, గంటకు 150 కిలోమీటర్లు. పైన గురి లెక్కలో వాడిన వేగం ఇదే.

ఇప్పుడు కాంపౌండ్ విల్లు. అదే దూరాల దగ్గర 15, 22, 22, 21, 6 కిలోలు వచ్చాయనుకుందాం. సగటుల మొత్తం 83. శక్తి 81 జౌళ్ళు. లాగిన గరిష్ఠ బరువు 18 నుంచి 22 కిలోలకు పెరిగింది, అంతే. శక్తి మాత్రం దాదాపు రెండింతలైంది. గ్రాఫ్ చూస్తే కారణం తెలుస్తుంది: వెదురు విల్లు గీత త్రిభుజంలా ఉంటే, కాంపౌండ్ విల్లు గీత గుట్టలా ఉబ్బి ఉంటుంది. కింద చోటు ఎక్కువ. మంచి కాంపౌండ్ విల్లు నూటికి 80 పాళ్ళ వరకు బాణానికి ఇస్తుంది, అంటే 65 జౌళ్ళు. బాణం 23 గ్రాములైతే, 130ని 0.023తో భాగించి వర్గమూలం తీస్తే 75. సెకనుకు 75 మీటర్లు, గంటకు 270 కిలోమీటర్లు.

బాణం బరువు తగ్గిస్తే వేగం పెరుగుతుంది కదా అని మరీ తేలిక బాణం వేయకూడదు. తీసుకోవాల్సిన శక్తిని తేలిక బాణం తీసుకోలేదు, మిగిలింది విల్లు మీదే పడుతుంది. అసలు బాణం లేకుండా నారి వదిలితే విల్లు పగిలి మనిషికి గాయమవుతుంది. వెదురు విల్లయినా సరే ఉత్త నారి వదలవద్దు. కాంపౌండ్ విల్లు కొలతలు కోచ్ ఎదురుగానే తీయాలి.

చెవితో సరిచూసుకోవడం

పై లెక్కలో 80 పాళ్ళు అన్నది అంచనా. అది సరైనదో కాదో చూడాలంటే వేరే దారిలో కొలవాలి. శిక్షణ మైదానాల్లో దీనికి క్రోనోగ్రాఫ్ అనే పరికరం ఉంటుంది. అందులో రెండు వెలుతురు కళ్ళు ఉంటాయి. వాటి మధ్య 30 సెంటీమీటర్ల ఎడం ఉంటే, 75 మీటర్ల వేగంతో పోయే బాణం ఆ ఎడాన్ని సెకనులో వెయ్యింట నాలుగు వంతుల్లో దాటుతుంది.

క్రోనోగ్రాఫ్ లేకపోతే ఫోను చాలు. విలుకాడి పక్కన ఫోనులో శబ్దం రికార్డు చేయాలి. నారి వదిలిన చప్పుడు ఒకటి, టార్గెట్‌కు బాణం తగిలిన చప్పుడు ఒకటి. రెండింటి మధ్య కాలం రికార్డింగులో కనబడుతుంది. టార్గెట్ 50 మీటర్ల దూరంలో ఉండి ఆ కాలం 0.83 సెకను వచ్చిందనుకుందాం. ఇందులో తగిలిన చప్పుడు వెనక్కి మన దాకా రావడానికి పట్టిన కాలం కూడా కలిసి ఉంది. మన ఎండల్లో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది కాబట్టి 50 మీటర్లకు 0.14 సెకను. అది తీసేస్తే 0.69. 50ని దానితో భాగిస్తే 72 పైచిలుకు. మన లెక్కలో 75 వచ్చింది, ఇక్కడ కొంచెం తక్కువ. తక్కువే రావాలి కూడా. 75 అనేది నారి వదిలిన క్షణపు వేగం, ఇది దారి పొడవునా సగటు. గాలి బాణాన్ని కొంచెం కొంచెం ఆపుతుంది.

రామాపురంలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. బాణం పక్కకు కొట్టుకుపోతుంది, ఫోనులో గాలి హోరు కూడా నిండుతుంది. ఈ పని పొద్దున్నే చేయాలి. ఒక్కసారి కొలిచి ఆపకుండా కనీసం ఐదు బాణాలు వేసి సగటు తీయాలి.

మన ముందున్న దారి

వేగం ఎక్కువైతే బాణం తక్కువ దిగుతుంది, గాలికి తక్కువ దొరుకుతుంది. కానీ పోటీలో గెలిచేది వేగం ఎక్కువున్న విల్లు కాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కాంపౌండ్ విల్లు బరువు 60 పౌండ్లు, అంటే 27 కిలోలు మించకూడదు. అందరిదీ దాదాపు ఒకే వేగం. తేడా చేసేది ప్రతిసారీ ఒకేలా వదలగల చెయ్యి.

ఆ చెయ్యి ఎక్కడైనా పుడుతుంది. రాజస్థాన్‌లో అహారీ గిరిజన కుటుంబంలో వెదురు విల్లుతో పెరిగిన లింబారామ్ 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. 1992లో బీజింగ్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచాడు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంపౌండ్ జట్టు స్వర్ణం తెచ్చిన ముగ్గురిలో ఒకరు. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి ఉండబోతోంది.

కాంపౌండ్ సామగ్రి ఖరీదు లక్షల్లో ఉంటుంది. అది చూసి వెనక్కి తగ్గవద్దు. మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది, అందులో వెదురు, చెక్క విల్లులే వాడతారు. మొదటి మెట్టు అక్కడ ఉంది. స్పోర్ట్స్ కోటా, స్కాలర్‌షిప్పుల సంగతి మీ హాస్టల్ వార్డెన్‌నూ, పీఈటీ మాస్టారినీ అడగండి. అడిగే హక్కు మీకుంది.

కాంపౌండ్ విల్లు నారిని వేళ్ళతో లాగరు. రిలీజ్ అనే చిన్న కొక్కెం ఉంటుంది. చాలామంది వాడే రిలీజులో మీట బొటనవేలి కింద ఉంటుంది. ఎవరూ అడిగి తీసుకోలేని బొటనవేలు అది, మీ చేతిదే.

మన పేరులోనే ఎరుక ఉంది. ఎరుక అంటే తెలుసుకోవడం. ఈ సెలవుల్లో నలుగురైదుగురు కలిసి ఒక విల్లును కొలవండి. ఒక నోట్‌బుక్కు పెట్టుకొని తేదీ, విల్లు ఏ వెదురుతో చేశారు, ఎవరు చేశారు, ఎంత లాగారు, బాణం ఎన్ని గ్రాములు, లెక్కలో వచ్చిన వేగం, ఫోనులో వచ్చిన వేగం, అన్నీ రాయండి. రెండు వేగాలూ కలవకపోతే ఎందుకో మళ్ళీ కొలవండి. పేజీ కింద, కొలిచిన ప్రతి ఒక్కరూ తమ ఊరి పేరు పూర్తిగా రాసి సంతకం చేయండి.